విశాఖ జూ రాష్ట్రానిదైతే, సెంట్రల్ జూ అథారిటీ అనుమతి ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: విశాఖలోని ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాలను నడిపేది రాష్ట్ర అటవీ శాఖ. అలాంటప్పుడు ఒక జంతువును తేవాలన్నా, పంపాలన్నా ఢిల్లీలోని సెంట్రల్ జూ అథారిటీ అనుమతి కోసం ఎందుకు ఎదురుచూస్తారు? ఆ సంస్థ ఎప్పుడు, ఎందుకు పుట్టింది? దాని మాట నిజంగా చెల్లుతుందా, ఉత్త కాగితాల సంస్థేనా? జూలో ఏదైనా తప్పు కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

దాని మాట చెల్లుతుంది. అయితే అన్ని విషయాల్లోనూ ఒకే బలంతో చెల్లదు. ఎక్కడ గట్టిగా చెల్లుతుందో, ఎక్కడ పట్టు సడలుతుందో తెలియాలంటే ఆ సంస్థ పుట్టుక దగ్గరనుంచి చెప్పాలి. అటవీ శాఖలో, జూల పనిలో చాలా కాలం గడిపినవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

విశాఖ జూ 1977 మే 19న ప్రజల కోసం తెరుచుకుంది. కంబాలకొండ రిజర్వు ఫారెస్టులో 625 ఎకరాలు, మూడు వైపులా తూర్పు కనుమల కొండలు, నాలుగో వైపు సముద్రం. ఇంత మంచి చోటు దేశంలో చాలా తక్కువ జూలకు దక్కింది. అయితే ఆ రోజున, లోపలి జంతువును ఎంత స్థలంలో ఉంచాలి, ఏం పెట్టాలి, జబ్బు చేస్తే ఎవరు చూడాలి అని జూలకు ప్రత్యేకంగా చెప్పే చట్టం దేశంలో ఒక్కటీ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట గురించి, అభయారణ్యాల గురించి, చర్మాలు దంతాల వ్యాపారం గురించి మాట్లాడింది. అడవి నుంచి జంతువును పట్టి జూకి ఇవ్వడానికి ప్రత్యేక అనుమతి పద్ధతినీ పెట్టింది. పట్టడానికి దారి చూపింది కానీ, పట్టి తెచ్చాక ఎలా చూసుకోవాలో చెప్పలేదు.

దీనికి కారణం మన జూల చరిత్రలోనే ఉంది. మద్రాసులో 1855లో మ్యూజియం ఆవరణలో మొదలైన జంతు సంగ్రహం నుంచి కలకత్తా అలీపూర్, తిరువనంతపురం, జునాగఢ్ వరకు ఒక్కొక్క జూకూ ఒక్కొక్క యజమాని. కొన్ని సంస్థానాధీశుల సరదాగా మొదలయ్యాయి. కొన్ని పురపాలక సంఘాలవి, కొన్ని అటవీ శాఖలవి, కొన్ని ట్రస్టులవి. మన వైపు హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో, తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987లో వచ్చాయి. ఇవి పెద్దవి, ఒక ప్రణాళిక ప్రకారం కట్టినవి. అసలు బాధ వీటితో కాదు. ఊరూరా మునిసిపల్ పార్కుల్లో ఒక మూల నాలుగు ఇనుప బోనులు ఉండేవి. ఒకదాంట్లో కోతి, ఒకదాంట్లో ఎలుగుబంటి, ఇంకోదాంట్లో కొండచిలువ. ఎలుగుబంటి ఆ సిమెంటు గచ్చు మీద నాలుగు అడుగులు అటూ, నాలుగు అడుగులు ఇటూ పొద్దస్తమానం తిరిగేది. పిల్లలు అది ఆడుతోందనుకునేవారు. అది మనసు చెడిన జంతువు చేసే పని. అలాంటి బోనులు దేశంలో ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని ప్రాణులున్నాయో ఎవరి దగ్గరా లెక్క ఉండేది కాదు.

దీని మీద ఆలోచన ఎవరూ చేయలేదని కాదు. 1952లోనే ఏర్పడిన భారత వన్యప్రాణి బోర్డు నుంచి 1970ల నాటి నిపుణుల కమిటీ వరకు జూలు మెరుగుపడాలని చెబుతూనే వచ్చాయి. కానీ సలహాను పాటించకపోతే అడిగేవారు లేరు. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో అడవులు, వన్యప్రాణుల రక్షణ ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల అంశాల్లోకి, వచ్చాయి. చాలామంది ఈ మెలికను గమనించరు. కేంద్రం ఈ రంగంలో దేశమంతటికీ వర్తించే చట్టం చేయడానికి, రాష్ట్రాల జూలను తనిఖీ చేయడానికి బలమైన ఆధారం ఆ మార్పే.

ఆ అధికారాన్ని జూల విషయంలో వాడుకోవడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. 1991లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, జూల కోసం ఒక కొత్త అధ్యాయాన్నే చేర్చారు. దాని ప్రకారం 1992లో సెంట్రల్ జూ అథారిటీ ఏర్పడింది. ఒక అధ్యక్షుడు, పది మందికి మించని సభ్యులు, ఒక సభ్య కార్యదర్శి. చూడటానికి చిన్న సంస్థ. కానీ చట్టంలోని 38హెచ్ సెక్షను దానికి ఇచ్చిన మాట చాలా పెద్దది: అథారిటీ గుర్తింపు లేకుండా ఈ దేశంలో ఏ జూ నడవకూడదు. అప్పటికే నడుస్తున్న జూలు కూడా గడువులోపు దరఖాస్తు చేసుకుని పరీక్షకు నిలబడాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వానిదైనా, కార్పొరేషనుదైనా, ప్రైవేటుదైనా ఒకటే నియమం.

అదే ఏడాది జూల గుర్తింపు నియమాలు వచ్చాయి. జాతులు, జంతువుల సంఖ్య వంటి వాటిని బట్టి పెద్ద, మధ్యస్థ, చిన్న, మినీ అని జూలను విభజించారు. జంతువుల ఆవరణలకు కనీస కొలతలు పెట్టారు. 1998లో జాతీయ జూ విధానం వచ్చింది. జూ ఉన్నది వన్యప్రాణి సంరక్షణకు తోడ్పడటానికి అని ప్రభుత్వం విధానంగా ప్రకటించింది అప్పుడే. నియమాలను 2009లో మళ్లీ కొత్తగా రాశారు, ఇప్పుడు అమల్లో ఉన్నవి వాటికి కొనసాగింపే.

ఫలితం ఏమిటో అథారిటీ తానే ఒక దశలో ప్రకటించిన లెక్క చూస్తే తెలుస్తుంది. అప్పటికి 513 జూలను పరిశీలించారు. 167కు గుర్తింపు ఇచ్చారు, 346కు నిరాకరించారు. నిరాకరించిన వాటిలో 303 మూతపడ్డాయి, వాటి జంతువులను వేరే చోట్లకు తరలించారు. ఈ సంస్థ చేసిన పనుల్లో నేను అన్నిటికంటే గొప్పదిగా ఎంచేది ఇదే. కొత్తగా ఒక్క జూ కట్టకుండా, మూడు వందల చోట్ల బోను తలుపులు తెరిపించింది. మునిసిపల్ పార్కుల్లోని ఆ ఇనుప బోనులు మీ పిల్లలకు కనిపించడం లేదంటే కారణం ఇదే.

ఇక 2000 సంవత్సరం. జూల్లో పనిచేసిన ఎవరూ ఆ ఏడాదిని మరచిపోరు. జూలైలో ఒడిశా నందన్‌కానన్‌లో ట్రిపనోసోమియాసిస్ అనే రక్తపరాన్నజీవి జబ్బుతో కొద్ది రోజుల్లోనే పదికి పైగా పులులు చనిపోయాయి. అక్టోబరులో హైదరాబాద్ జూలో, సరిగ్గా వన్యప్రాణి వారోత్సవాల సమయంలో, రాత్రివేళ ఎవరో ఆవరణలోకి చొరబడి ఒక ఆడపులిని చంపి చర్మం ఒలిచారు. అడవిలో వేటగాళ్ల నుంచి కాపాడటానికి జూ ఉందని చెప్పుకునే మనకు, జూ గోడ లోపలే ఆ పని జరగడం పెద్ద దెబ్బ. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో జరిగింది కాబట్టి ఇంకా సిగ్గనిపించింది. పులుల విషయంలో అప్పటికే సుప్రీంకోర్టులో నడుస్తున్న కేసులో ఈ ఘటన ప్రస్తావనకు వచ్చింది. అథారిటీ ముందుగా పరిశీలించకుండా, కోర్టు అనుమతి లేకుండా కొత్త జూలు పెట్టరాదని ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత 2003లో అమల్లోకి వచ్చిన సవరణ, అథారిటీ ముందస్తు ఆమోదం లేనిదే కొత్త జూ స్థాపించకూడదని చట్టంలోనే రాసింది.

అంతకుముందు ఒక జూ పెట్టాక గుర్తింపు అడిగేవారు. జంతువులను తెచ్చి పెట్టేశాక కాదనడం ఎవరికైనా కష్టం. ఇప్పుడు స్థలం, మాస్టర్ ప్లాను, నీటి వసతి, సిబ్బంది, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్నవి తేలాకే ముందుకు కదలాలి. కొత్త జూ ప్రకటనలు వినిపించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఊసే ఉండకపోవడానికి కారణాల్లో ఇదొకటి. దీన్ని జాప్యంగా కాకుండా జాగ్రత్తగా చూడమని నా మనవి.

విశాఖకు నేరుగా తగిలిన ఘట్టం సర్కసులది. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి, ఈ ఐదింటినీ ప్రదర్శనలకు శిక్షణ ఇచ్చి ఆడించరాదని కేంద్రం 1998 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కసు యజమానులు కోర్టుకు వెళ్లారు. కేరళ హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది, 2001లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. సరే, నిషేధం నిలిచింది. మరి వందల కొద్దీ సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? అవి పుట్టింది బోనులో, పెరిగింది లారీల మీద. అడవిలో వదిలితే వేటాడటం రాదు. అప్పుడు సెంట్రల్ జూ అథారిటీ తన ఖర్చుతో కొన్ని జూల పక్కన జంతు పునరావాస కేంద్రాలు కట్టించింది. తిరుపతి, చెన్నై, బెంగళూరు, జైపూర్, భోపాల్‌తో పాటు విశాఖ కూడా ఆ జాబితాలో ఉంది. మన కేంద్రం 2001లో మొదలైంది. సందర్శకులను లోపలికి రానివ్వరు కాబట్టి నగరంలో చాలామందికి అది ఉన్నదనే తెలియదు.

అక్కడికి వచ్చే జంతువులు ఎలాంటి స్థితిలో ఉంటాయో చెప్పాలి. గోళ్లు, కోరలు అరిగిపోయి, వెన్ను వంగి, కాళ్ల మధ్య తోక ముడుచుకుని ఉండేవి ఎన్నో. పెద్ద ఆవరణలోకి వదిలినా కొన్ని రోజుల పాటు బోను వెడల్పు ఎంతో అంత మేరే నడిచేవి. మట్టి మీద కాలు పెట్టడానికి జంకేవి. వాటికి దగ్గరుండి మాంసం తినిపించి, పురుగుల మందు వేసి, నీడకూ మట్టికీ అలవాటు చేసిన కీపర్ల ఓర్పు ఏ వార్షిక నివేదికలోనూ కనిపించదు.

ఈ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతుల సంకరాలు. గిర్ అడవుల సింహం వంశం స్వచ్ఛంగా ఉండాలంటే ఇవి సంతానం కనకూడదు. చండీగఢ్ దగ్గరి ఛత్‌బీర్ జూలో ఈ సంకరాలు విపరీతంగా పెరిగిపోయి ఎంత ఇబ్బంది అయిందో అందరూ చూశారు. అందుకని పునరావాస కేంద్రాల్లో సంతానోత్పత్తిని ఆపేశారు. బతికినంత కాలం బాగా చూసుకోవడమే వాటి పని. ఒక్కొక్కటీ ముసలితనంతో వెళ్లిపోతుంటే కేంద్రం ఖాళీ అవుతూ వస్తుంది. ఒక సంస్థ తన పని పూర్తి కావడం వల్ల ఖాళీ కావడం మంచిదే. నేను చూసిన ప్రభుత్వ పథకాల్లో ఇంత స్పష్టమైన ముగింపు ఉన్నవి తక్కువ.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, జంతువుల మార్పిడి. చట్టంలోని 38ఐ సెక్షను ప్రకారం గుర్తింపు ఉన్న జూల మధ్యే జంతువులు మారాలి, షెడ్యూల్డ్ జంతువులకైతే అథారిటీ ముందస్తు అనుమతి కావాలి. ఇది గుమాస్తాల కోసం పెట్టిన నియమం కాదు. పాత రోజుల్లో ఒక జూ తన దగ్గర ఎక్కువైన పిల్లలను ఇంకో జూకి ఇచ్చేది, బదులుగా నచ్చినదాన్ని తెచ్చుకునేది. అన్నా చెల్లెళ్లు జతకట్టినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఏ జంతువు ఏ తల్లిదండ్రులకు పుట్టిందో నమోదు చేసే వంశావళి పుస్తకాలు ఉన్నాయి. అనుమతి ఇచ్చే ముందు వాటిని చూస్తారు. వచ్చే జంతువుకు ఆవరణ సిద్ధంగా ఉందా అనీ చూస్తారు. తప్పనిసరి కారణం ఉంటే తప్ప ఏ జంతువునూ ఏడాదికి మించి జత లేకుండా ఉంచరాదనే నియమం కూడా ఉంది. "విశాఖ జూకి ఫలానా జంతువుకు తోడు వచ్చింది" అని పత్రికల్లో ఫొటోలు వస్తాయి చూడండి, దాని వెనక ఉన్నది ఈ నియమమే.

సంరక్షణ సంతానోత్పత్తి కూడా ఇలాగే పంచారు. అంతరించిపోతున్న ఒక్కో జాతికి బాధ్యత వహించే జూను అథారిటీ గుర్తించింది. ఎర్ర పాండా బాధ్యత డార్జిలింగ్‌లోని పద్మజా నాయుడు జూది. అక్కడ పుట్టిన రెండింటిని 2003లో సింగలీలా అడవిలో వదిలారు. హైదరాబాద్‌కు మూషిక జింక వచ్చింది. అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలతో కలిసి పెంచి, కొన్నింటిని నల్లమలలో విడిచారు. ఆ ప్రయోగశాలను నెలకొల్పడంలో కూడా జూ అథారిటీ భాగస్వామి. 2021 మేలో హైదరాబాద్ జూలోని 8 సింహాలకు కరోనా సోకిందని తేల్చింది ఆ నిపుణులే. మన విశాఖకు దక్కింది రేచుకుక్క. అడవుల్లో గుంపుగా వేటాడే ఈ ఎర్ర కుక్కను ఊరి జనం పశువులను చంపుతుందని తరిమారు, ఒకప్పుడు ప్రభుత్వాలు దాని తలకు బహుమతి కూడా ఇచ్చాయి. అలాంటి జంతువు ఎండాడ కొండల నీడలో పిల్లలను కని పెంచుతుండటం మన నగరం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి. పులి ముందు గుమిగూడే జనంలో పదో వంతు రేచుకుక్కల ముందు ఆగినా నాకు సంతోషం.

అధికారం ఎక్కడ సడలుతుందో కూడా చెప్పాలి. అథారిటీకి స్వంత సిబ్బంది తక్కువ. దేశమంతటా తనిఖీలకు నిపుణులను పంపుతుంది. ఒక తనిఖీకి, ఇంకో తనిఖీకి మధ్య చాలా కాలం ఉంటుంది. బృందం వచ్చే రోజున ఏ జూ అయినా శుభ్రంగానే ఉంటుంది. అనుభవం ఉన్న తనిఖీదారు అందుకే ముందు గేటు దగ్గర ఆగడు. వంటగదికి వెళ్తాడు, రాత్రి గదుల నేల తడి ఆరుతోందో లేదో చూస్తాడు, పోస్టుమార్టం రిజిస్టరు అడుగుతాడు. మరణానికి కారణం అన్న గడిలో వరసగా ఒకే మాట రాసి ఉంటే అక్కడే ఆగిపోతాడు.

రెండోది ఇంకా పెద్ద లోపం. ప్రభుత్వ జూకి గుర్తింపు రద్దు చేసే అధికారం ఉన్నా, ఒక మహానగరపు పెద్ద జూను మూసేయమని చెప్పడం దాదాపు అసాధ్యం. జంతువులను పెట్టడానికి వేరే చోటు ఉండదు. కాబట్టి షరతులు పెడుతుంది, గడువు ఇస్తుంది, మళ్లీ గడువు పెంచుతుంది. జూల నుంచి ఏనుగులను క్యాంపులకు తరలించాలని 2009లో ఇచ్చిన ఆదేశం అమలు అన్నిచోట్లా ఒకే తీరుగా జరగకపోవడం దీనికి ఉదాహరణ. పైగా తనిఖీ చేసేదీ అదే, అభివృద్ధికి నిధులు ఇచ్చేదీ అదే. రాష్ట్రాల జూల అధిపతులు, అథారిటీ అధికారులు ఎక్కువగా ఒకే అటవీ సర్వీసు నుంచి వస్తారు. ఈ మూడూ కలిస్తే కాఠిన్యం తగ్గుతుంది. తనిఖీ నివేదికలన్నీ బయట పెట్టడం తప్పనిసరి అయితే సగం లోపం పోతుందని నా అభిప్రాయం.

స్థానిక ఇబ్బందులు కొన్ని ఏ నియమానికీ పూర్తిగా లొంగవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన మీద విరుచుకుపడినప్పుడు జూలో చెట్లు కూలాయి, గోడలు పడ్డాయి. అందుకే విపత్తు ప్రణాళిక అనేది తీరప్రాంత జూకి ఫైలులో పెట్టుకునే కాగితం కాకూడదు. 2023 నవంబరులో మన జూలోనే ఎలుగుబంటి దాడిలో ఒక యువ కీపరు ప్రాణం కోల్పోయాడు. జంతువుల క్షేమం కోసం రాసిన నియమాలను మనం తరచూ చదువుతాం. రెండు తలుపుల ఏర్పాటు, ఒంటరిగా లోపలికి వెళ్లకపోవడం వంటి సిబ్బంది భద్రత జాగ్రత్తలకు అంతే పట్టుదల కావాలి. తక్కువ జీతానికి పొరుగు సేవల కింద పనిచేసే కుర్రాళ్లకు ఆ శిక్షణ ఇవ్వడం తర్వాతి తనిఖీలో మొదటి ప్రశ్న కావాలి.

ఇక ఫిర్యాదు సంగతి. జంతువును రెచ్చగొట్టడం, గాయపరచడం, మేత వేయడం, అరుపులతో బెదరగొట్టడం, చెత్త పారవేయడం ఇవన్నీ 38జె సెక్షను కింద నేరాలు. కార్తీక మాసపు వనభోజనాల వేళ, కనుమ నాడు జనం పోటెత్తినప్పుడు ఇవి ఎక్కువ. జింకలకు వేసే చిప్సు సంచి వాటి కడుపులో చిక్కుకుని చంపేస్తుంది. అలాంటిది కనిపిస్తే దగ్గరలోని కీపరుకు వెంటనే చెప్పండి, వాదనకు దిగకండి. సోమవారం జూ మూసి ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. వారానికి ఒక రోజు సెలవు జంతువుల ప్రశాంతత కోసం నియమాల్లోనే ఉంది.

నిర్వహణ లోపం అనిపిస్తే ముందుగా జూ అధికారి అయిన క్యూరేటరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. బదులు రాకపోతే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి, ఆపైన ఢిల్లీలోని సెంట్రల్ జూ అథారిటీ సభ్య కార్యదర్శికి పంపవచ్చు. ఫిర్యాదులో "జంతువులు బాధపడుతున్నాయి" అని మాత్రం రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ ఆవరణ, ఏ జంతువు, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏం చూశారో రాయండి. కుంటుతోందా, పుండు ఉందా, నీళ్ల తొట్టి ఎండిందా, ఒకే చోట గిరగిరా తిరుగుతోందా అన్నది చెప్పండి. ఫొటో కంటే అరనిమిషం వీడియో ఎక్కువ ఉపయోగం. జంతువుల లెక్కలు, జనన మరణాల వివరాలు జూలు అథారిటీకి పంపాల్సిందే. కాబట్టి సమాచార హక్కు చట్టం కింద జూ నుంచి, అథారిటీ నుంచి విడివిడిగా అడిగి, రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే దాన్నే మీ రెండో ఉత్తరంలో మొదటి వాక్యంగా రాయండి.